కొత్త తోక, పాత నరాలు

తలుపు వేసేటప్పుడు సందులో బల్లి తోక ఇరుక్కుంటే ఏమవుతుందో తెలుగిళ్ళలో చాలామంది చూసే ఉంటారు. బల్లి ట్యూబ్‌లైట్ వెనక్కి పారిపోతుంది. తోక గచ్చు మీద పడి మెలికలు తిరుగుతుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, ఎవరో చీపురు తెస్తారు, ఆ చీపురు తగిలేలోపే తోక ఎగిరి అవతల పడుతుంది. కాసేపటికి కదలిక తగ్గుతుంది, చివర్లో కొస ఒక్కటే అటూ ఇటూ ఆడి ఆగిపోతుంది.

తల లేని తోక ఎలా ఆడుతుందన్నది పాత ప్రశ్నే. మనిషి వెన్నుపాము నడుము దగ్గర, మొదటి రెండు కటి పూసల ప్రాంతంలో ఆగిపోతుంది. బల్లిలో అలా కాదు, దాదాపు తోక కొసదాకా సాగుతుంది. ప్రతి పూస దగ్గరా ఒక జత నరాలు బయటికి వస్తాయి, కండరాలను ఒకదాని తర్వాత ఒకటిగా కదిలించే చిన్న చిన్న నాడీ వలయాలు తోకలోనే ఉంటాయి. అందుకే పై నుంచి ఆదేశం ఆగిపోయినా కింద పని కాసేపు నడుస్తుంది. 2009లో టిమోతీ హైయమ్, ఆంథొనీ రసెల్ అనే పరిశోధకులు లెపర్డ్ గెకో అనే రకం బల్లుల తోకలను వీడియో తీసి, కండరాల్లో విద్యుత్ సంకేతాలను కొలిచారు. తెగిన తోక ఒకే లయలో ఊగి ఊరుకోవడం లేదు. మధ్య మధ్యలో పల్టీలు కొడుతోంది, 3 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఎగురుతోంది. ఎటు పడుతుందో వేటాడే జంతువుకు అంచనా చిక్కదు.

ఆ గారడీ చూస్తూ అందరి కళ్ళూ తోక మీదే ఉంటాయి. నరాల సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ట్యూబ్‌లైట్ వెనక నక్కిన బల్లి దగ్గరికి వెళ్ళాలి. దాని తోక మోడులో తెగిన వెన్నుపాము ఉంది, కొసలు ఊడిన నరాలు ఉన్నాయి. కొద్ది వారాల్లో అక్కడ కొత్త తోక మొలుస్తుంది. చర్మం, కండరం, కొవ్వు, రక్తనాళాలు అన్నీ కొత్తగా తయారవుతాయి. అది కదులుతుంది, తాకితే బల్లికి తెలుస్తుంది కూడా. మరి ఆ కొత్త తోకకు నరాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

తోకతో పాటు నరాల వ్యవస్థ కూడా కొత్తగా పుడుతుందని ఎవరైనా అనుకుంటారు. అలా పుట్టదు. బల్లి కొత్త తోకలో కొత్త నాడీకణాలు దాదాపుగా ఉండవు. మోడులో మిగిలిన పాత నాడీకణాలే సాగి, లావెక్కి, తమది కాని మేరను కూడా మీదేసుకుంటాయి. మార్పంతా మోడులోనే జరుగుతుంది. తోకలో మనకు కనిపించేది దాని ఫలితం.

ముందు తోక ఎక్కడ, ఎలా తెగుతుందో చూద్దాం. లాగితే ఎక్కడ పడితే అక్కడ చిరిగే బట్ట లాంటిది కాదు బల్లి తోక. చాలా రకాల బల్లుల్లో తోక పూసల నడిమధ్యన పుట్టుకతోనే ఒక బలహీనమైన గీత ఉంటుంది. పగులు రెండు పూసలు కలిసే కీలు దగ్గర కాకుండా, ఒక పూసను అడ్డంగా చీలుస్తూ పడుతుంది. చర్మం, కొవ్వు, కండరం కూడా అదే వరసలో విడిపోయేలా ముందే అమరి ఉంటాయి. తెగిన ముక్క మొదలును దగ్గరగా చూస్తే కండరాలు మొనదేలిన పళ్ళలా బయటికి పొడుచుకుని ఉంటాయి. మోడు వైపు ఆ పళ్ళు ఇమిడే గుంటలు ఉంటాయి. ప్లగ్గు సాకెట్‌లోంచి ఊడివచ్చినట్టు ఉంటుంది. 2022లో అబుదాబిలోని న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు మైక్రోస్కోప్ కింద చూస్తే ఆ పళ్ళ మీద పుట్టగొడుగుల్లాంటి సూక్ష్మ స్తంభాలు, వాటి తలల మీద ఇంకా సన్నని రంధ్రాలు కనిపించాయి. నేరుగా లాగితే పట్టు నిలుస్తుంది, కాస్త వంచితే ఊడుతుంది. మామూలుగా తిరిగేటప్పుడు తోక రాలిపోకూడదు, ప్రాణం మీదికి వస్తే మాత్రం వెంటనే రావాలి. ఆ పరిశోధకులు చూసిన వాటిలో ఒకటి ఉత్తర భారతంలో ఇళ్ళ గోడల మీద తిరిగే పసుపు పొట్ట బల్లి, హెమిడాక్టిలస్ ఫ్లావివిరిడిస్.

ఇలా ముందే గీసిన గీత మీద తెగడం వల్ల నరాలకు ఒక మేలుంది. నలగడం, నుజ్జవడం తక్కువ. రక్తనాళాలు వెంటనే బిగుసుకుంటాయి కాబట్టి రక్తం పెద్దగా కారదు. వెన్నుపాము అడ్డంగా, శుభ్రంగా తెగుతుంది. మన వెన్నుపాము తెగినప్పుడు గాయం చుట్టూ మచ్చ కణజాలం గట్టిపడి నరపు పోగులు దాటకుండా అడ్డుపడుతుంది. బల్లి తోకలో అలాంటి గట్టి గోడ ఏర్పడదు. తోక విడిచే అలవాటు అన్నిటికీ లేదు. ఉడుముకు లేదు. ఊసరవెల్లికీ లేదు. కంచె మీద తల ఊపే తొండ తోక పోతే ఇంటి బల్లిలా మళ్ళీ మొలిపించుకోలేదు. నలికిరికి ఈ విద్య బాగా వచ్చు.

తెగిన మొదటి రోజుల్లో బయటికి కనిపించేది పుండు మీద చెక్కు మాత్రమే. దాని కింద చర్మకణాలు అంచుల నుంచి లోపలికి పాకి గాయాన్ని మూసేస్తాయి. ఆ పొర కింద ఇంకా ఏ పనికీ కుదురుకోని కణాలు గుంపుగా చేరి చిన్న మొగ్గ కడతాయి. దాన్ని బ్లాస్టీమా అంటారు. ఈ మొగ్గ తయారవుతున్న సమయంలోనే తెగిన వెన్నుపాము మధ్యలోంచి ఒక సన్నని గొట్టం బయటికి పెరగడం మొదలుపెడుతుంది.

వెన్నుపాము నిలువునా నడిమధ్యన సన్నని కాలువ ఉంటుంది, అందులో ద్రవం ఉంటుంది. ఆ కాలువ లోపలి గోడకు ఒక వరస కణాలు పరిచి ఉంటాయి. వాటి పేరు ఎపెండిమా. మామూలు రోజుల్లో అవి గోడకు వేసిన సున్నంలా నిశ్శబ్దంగా ఉంటాయి. తోక తెగగానే విభజన మొదలుపెడతాయి. మోడులోని కాలువే ముందుకు సాగి మొగ్గలోకి దూరుతుంది, మొగ్గ పెరిగే కొద్దీ కొసదాకా వెంట వెళ్తుంది. కొత్త తోకలో వెన్నుపాము అని చెప్పుకునేది ఈ గొట్టాన్నే.

పాత వెన్నుపామును అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే మధ్యలో సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో బూడిదరంగు పదార్థం, అందులో నాడీకణాలు, చుట్టూ తెల్లటి పోగుల కట్టలు, పక్కల నుంచి బయటికి వచ్చే నరాల వేళ్ళు కనిపిస్తాయి. కొత్త దాన్ని కోస్తే మధ్యలో ఎపెండిమా వలయం ఉంటుంది. దాని చుట్టూ మోడు నుంచి దిగి వచ్చిన కొన్ని నరపు పోగులు ఉంటాయి. సీతాకోకచిలుక ఉండదు, నాడీకణాలు దాదాపు ఉండవు. పక్కలకు వేళ్ళు రావు. వెన్నుపాము పక్కన ప్రతి పూసకూ ఇటొకటి అటొకటి ఉండే స్పర్శ కణాల ముద్దలు కూడా ఉండవు. వాటిని పాఠ్యపుస్తకాల్లో పృష్ఠమూల నాడీసంధులు అంటారు. తాకిడి, నొప్పి, వేడి, చలి వంటి సమాచారం వెన్నుపాముకు చేరేది ఈ ముద్దల్లోని కణాల ద్వారానే. కొత్త తోక మొత్తం వెతికినా ఒక్క ముద్ద దొరకదు.

ఎముక సంగతీ అంతే. పూసలు తిరిగి రావు. వాటి బదులు మొదటి నుంచి కొసదాకా ఒకే మృదులాస్థి గొట్టం ఏర్పడుతుంది, ఎపెండిమా గొట్టం దాని లోపల ఉంటుంది. పూసలే లేనప్పుడు పూసకో జత చొప్పున నరాలు బయటికి వచ్చే కిటికీలు ఎక్కడుంటాయి? బయట కండరం, చర్మం తయారై ఉన్నాయి. లోపలి తీగకు వాటితో కనెక్షన్ లేదు.

మరి కనెక్షన్ ఎవరిచ్చారు? మోడులో మిగిలిన చివరి నరాలు ఇచ్చాయి. సాధారణంగా మోడు కొసన ఉన్న మూడు జతల వెన్ను నరాలు మృదులాస్థి గొట్టానికి బయటి నుంచి, కండరాల మధ్యగా కొత్త తోకలోకి పాకుతాయి. తెగిన ముక్కలో ఇరవై పూసలు ఉండి ఉంటే ఇరవై జతల నరాలు చూసుకున్న మేర అది. ఇప్పుడు దాన్ని మూడు జతలే పంచుకోవాలి. కొత్త మండలం ఏర్పడింది, పోస్టులు మంజూరు కాలేదు, పక్క మండలాల తహసీల్దార్లకే ఇన్‌ఛార్జ్ బాధ్యతలు అప్పగించారు అనుకోవాలి. తమ పాత పరిధి అలాగే ఉంటుంది, కొత్తది అదనం.

ఆఫీసులో అయితే ఇన్‌ఛార్జ్ అధికారి జీతం పెరగదు, ఫైళ్ళు పెరుగుతాయి. నాడీకణం మాత్రం పని పెరిగితే తానూ పెరుగుతుంది. ఈ విషయాన్ని పట్టి చూపించింది ఇటలీకి చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త తుల్లియో తెర్ని. 1920లో ఆయన బల్లి తోకల మీద చేసిన పనిని ప్రచురించాడు. కొత్త తోకకు నరాలు పంపే ఆ చివరి మూడు జతల నాడీసంధులను, వాటికి పైన మామూలుగా ఉన్న వాటితో పోల్చి కొలిచాడు. చివరి ముద్దల్లోని కణాలు స్పష్టంగా పెద్దవయ్యాయి. కణాలు విభజన చెంది సంఖ్యలో పెరగలేదు. ఉన్న కణాలే ఉబ్బాయి.

ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. అప్పటి శాస్త్రంలో మాత్రం ఇది ఒక పెద్ద వాదానికి సాక్ష్యం. జుసెప్పే లెవీ అనే మరో ఇటలీ శాస్త్రవేత్త అప్పటికే రకరకాల జంతువుల నాడీసంధులను కొలిచి, ఒంటి పరిమాణం పెద్దదైన జంతువులో నాడీకణం కూడా పెద్దదిగా ఉంటుందని గమనించాడు. నాడీకణాలు పుట్టాక విభజన చెందవు కాబట్టి, ఒళ్ళు పెరిగినప్పుడు ఆ మేరను చూసుకోవడానికి కణమే పెరగాలి. కానీ ఎలుకను, ఆవును పోల్చి ఆ మాట అంటే వేరే కారణాలూ చెప్పవచ్చు, ఎందుకంటే అవి వేర్వేరు జంతువులు. బల్లి తోక ఆ అనుమానానికి తావివ్వలేదు. ఒకే జంతువు, అదే వయసు, పక్కపక్కనే ఉన్న నాడీసంధులు. ఒకదానికి మేర పెరిగింది, ఇంకోదానికి పెరగలేదు. పెరిగిన దాని కణాలే లావెక్కాయి. ఇంత చక్కగా అమరిన ప్రయోగం ప్రయోగశాలలో కావాలని తయారుచేయడం కూడా కష్టమే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్ళాలి. లెవీ ఆ తర్వాత టూరిన్‌లో పాఠాలు చెప్పాడు. ఆయన శిష్యుల్లో ముగ్గురికి నోబెల్ వచ్చింది, వారిలో ఒకరు రీటా లెవీ-మోంటాల్చీని. కోడి పిండంలో రెక్క మొగ్గను తీసేస్తే దానికి వెళ్ళాల్సిన నాడీకణాలు ఎందుకు తగ్గిపోతాయన్న ప్రశ్నతో మొదలైన ఆమె ప్రయాణం నరాల పెరుగుదల కారకాన్ని కనుక్కోవడం దాకా సాగింది. 1986లో నోబెల్ వచ్చింది ఆ పనికే. నాడీకణం ఎంత బతకాలో, ఎంత పెరగాలో అది చేరుకునే కణజాలమే చాలావరకు నిర్ణయిస్తుందన్న ఆలోచన ఆ పరిశోధనల నుంచే బలపడింది. పిండంలో మేర తగ్గితే కణాలు చచ్చిపోతాయి. ఎదిగిన బల్లిలో మేర పెరిగితే ఉన్న కణాలు బలుస్తాయి. ఒకే సూత్రం రెండు వైపుల నుంచి పనిచేయడం ఇది. యూదుల మీద వివక్షతో ఇటలీ ప్రభుత్వం 1938లో చేసిన చట్టాలు లెవీ, లెవీ-మోంటాల్చీని, తెర్ని ముగ్గురి ఉద్యోగాలనూ ఊడబెరికాయి. తెర్ని పాడువా యూనివర్సిటీలో కుర్చీ పోగొట్టుకున్నాడు. పక్షుల వెన్నుపాములోని ఒక నాడీకణాల వరసకు మాత్రం ఆయన పేరే మిగిలింది.

1963లో ఎన్నియో పన్నేసె అనే ఇటలీ పరిశోధకుడు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఇవే కణాల లోపలికి చూశాడు. తెగిన పోగును మళ్ళీ పెంచేటప్పుడు కణంలో జరిగే మార్పులు, ఆ తర్వాత మేర పెరిగి కణం బలిసేటప్పుడు జరిగే మార్పులు ఒకటి కాదని విడదీసి చూపించాడు. మొదటిది రిపేరు. రెండోది విస్తరణ. తోక మొలవడంలో నాడీకణం ఈ రెండూ చేయాల్సి వస్తుంది. మనిషి చేతిలో ఒక నరం తెగి అతికినప్పుడు జరిగేది ప్రధానంగా మొదటిదే, ఎందుకంటే ఆ నరానికి పాత మేరే తిరిగి వస్తుంది. లేని మేర కొత్తగా వచ్చి చేరడం అన్నది ఎదిగిన జంతువుల్లో అరుదు, అందుకే బల్లి తోక మీద వందేళ్ళుగా ఇంత ఆసక్తి.

కదలిక వైపు కథ కూడా ఇదే దారిలో నడుస్తుంది. కొత్త తోకలో కండరం బాగానే మొలుస్తుంది, కట్టలు కట్టలుగా మృదులాస్థి గొట్టం చుట్టూ అమరుతుంది. కానీ వాటిని నడిపే చోదక నాడీకణాలు మోడులోని పాత వెన్నుపాములోనే ఉంటాయి. అక్కడి నుంచి పోగులు కొత్త కండరాల దాకా దిగాలి. ఒక్కో కణం మునుపటికంటే ఎక్కువ కండరాన్ని చూసుకోవాలి. పాత తోకలో పూసకొక వరస నరాలు ఉన్నందున కొసను ఒక్కదాన్నే చుట్టడం, మధ్యలో వంచడం లాంటి సున్నితమైన పనులు సాధ్యమయ్యేవి. కొత్త దానిలో ఆదేశం టోకున వెళ్తుంది. పైగా పూసల కీళ్ళు లేని గొట్టం కాబట్టి ఎక్కడ పడితే అక్కడ మడత పడదు. గోడ మీద బల్లిని ఓపిగ్గా గమనిస్తే తేడా కంటికి కనబడుతుంది. మళ్ళీ మొలిచిన తోక మొదట్లో కాస్త బొద్దుగా, పొట్టిగా, ఒకే రంగులో ఉంటుంది. పాత తోక మీద ఉండే పట్టీలు, బుడిపెల వరసలు దాని మీద ఉండవు. కదిలేటప్పుడు పాములా అలలు తిరగడం తక్కువ, కర్రలా ఊగడం ఎక్కువ.

ఇదంతా చదివితే లోపలి ఎపెండిమా గొట్టం ఉత్త దండగ అనిపిస్తుంది. పక్కలకు నరాలు పంపదు, నాడీకణాలను తయారుచేయదు. తీగగా చూస్తే దానికి మార్కులు పడవు. కానీ దాన్ని తీసేసి చూసినవాళ్ళకు అసలు సంగతి తెలిసింది. 1955లో కామ్రిన్, మార్కస్ సింగర్ అనే ఇద్దరు అమెరికన్లు అనోల్ అనే చిన్న ఆకుపచ్చ బల్లుల తోక మోడు నుంచి వెన్నుపామును కొంత మేర తొలగించారు. తోక మొలవలేదు. ఆ తర్వాత సిడ్నీ సింప్సన్ ఒక చిన్న జాతి నలికిరి మీద పనిచేసి, వెన్నుపాములో కీలకం ఎపెండిమాయేనని చూపించాడు. స్పర్శ నాడీసంధులను తీసేసినా తోక మొలుస్తుంది, ఎపెండిమా లేకపోతే మొలవదు. వెన్నుపాము ముక్కను తోకలో ఇంకో చోట నాటితే అక్కడ అదనపు తోక మొలకెత్తుతుంది. అప్పుడప్పుడు గోడల మీద రెండు తోకల బల్లి కనిపించడానికి కూడా కారణం మాయా మంత్రం కాదు. తోక పూర్తిగా తెగకుండా పగిలి, ఆ పగులు దగ్గర నుంచి కూడా మొలక బయలుదేరితే అలా అవుతుంది. బల్లి మీద పడితే రాజయోగమో, మరణభయమో పంచాంగం చెబుతుంది గాని, రెండు తోకల బల్లి పడితే ఫలం రెట్టింపవుతుందా అన్నది అందులో ఉన్నట్టు లేదు.

సింగర్ ఇంకో దారిలో కూడా ఇదే చోటికి వచ్చాడు. నీటి బల్లిలా ఉండే న్యూట్ అనే ఉభయచరం కాలు తెగితే మళ్ళీ మొలుస్తుంది, ఆ కాలికి వెళ్ళే నరాలను ముందే కోసేస్తే మొలవదు. కాలు మొలవాలంటే ఇన్ని నరపు పోగులైనా ఉండాలన్న ఒక కనీస హద్దు ఉందని ఆయన లెక్కలు వేశాడు. అదే లెక్కను బల్లికి వర్తింపజేశారు. బల్లి తోక మొలుస్తుంది గాని కాలు మొలవదు, మోడు మీద మచ్చ కట్టి ఊరుకుంటుంది. కాలికి నరాలు చాలకపోవడమే కారణమా? 1961లో సింగర్, సింప్సన్ వేర్వేరుగా బల్లి కాలి మోడుకు అదనంగా నరాలను మళ్ళించి చూశారు. ఏదో మొలిచింది. అది కాలు అని చెప్పుకోదగ్గది కాదు, కానీ మామూలుగా మచ్చ కట్టి ఆగిపోయే చోట మొలక అయితే బయలుదేరింది. నరం సమాచారం మోసే తీగ మాత్రమే కాదని, చుట్టూ ఉన్న కణాలకు పెరగమని చెప్పే రసాయనాలు కూడా దాని నుంచి వెళ్తాయని అప్పటి నుంచి గట్టిగా నమ్మకం కుదిరింది.

ఎపెండిమా గొట్టం ఏం చెబుతుందో ఈ మధ్య ఇరవై ఏళ్ళలో చాలావరకు తేలింది. దాని కణాలు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తాయి. ఓ వీడియో గేమ్ ముళ్ళపంది పేరు పెట్టారు గాని దాని పని మాత్రం ఆటలు కాదు. చుట్టూ ఉన్న కణాలను మృదులాస్థిగా మారమనేది అదే. ఆ సంకేతాన్ని మందుతో అడ్డుకుంటే బల్లి కొత్త తోకలో ఆ మృదులాస్థి గొట్టం ఏర్పడదు. పిండ దశలో వెన్నుపాముకు కింది అంచు, పై అంచు అని రెండు వైపులుంటాయి. కింది అంచు హెడ్జ్‌హాగ్‌ను విడుదల చేస్తుంది, పై అంచు వేరే సంకేతాలు ఇస్తుంది, ఈ రెంటి లాగులాటలో మధ్యలో ఎక్కడెక్కడ ఏ రకం నాడీకణం పుట్టాలో నిర్ణయమవుతుంది. బల్లి మళ్ళీ మొలిపించే గొట్టంలో పై అంచు అనేదే లేదు. చుట్టూరా మొత్తం కింది అంచు స్వభావమే. అందుకే మృదులాస్థి కూడా ఒక పక్కన కాకుండా చుట్టూరా గొట్టంలా ఏర్పడుతుంది. అందుకే రకరకాల నాడీకణాలు పుట్టే అవకాశం కూడా అక్కడ లేదు. పూసలు రాకపోవడం, నరాలు రాకపోవడం రెండు వేర్వేరు లోపాల్లా కనిపిస్తాయి గాని వాటి మూలం ఒకటే.

న్యూట్‌కు బంధువైన సాలమాండర్ అనే ఉభయచరం తోకతో పోలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సాలమాండర్ కొత్త తోకలో వెన్నుపాము పూర్తిగా తయారవుతుంది. నాడీకణాలు వస్తాయి, స్పర్శ నాడీసంధులు వస్తాయి, వెన్నుపూసలూ వస్తాయి. దాని గొట్టానికి పై అంచు, కింది అంచు రెండూ ఉన్నాయి. థామస్ లోజిటో అనే పరిశోధకుడి బృందం 2018లో ప్రచురించిన ప్రయోగంలో సాలమాండర్ జాతికి చెందిన ఆక్సొలాటల్ నాడీ మూలకణాలను, అంటే నాడీ వ్యవస్థలోని ఇతర కణాలను పుట్టించే కణాలను, గెకో తోకలో పెట్టారు. అవి బల్లి తోకలో కూడా నాడీకణాలుగా మారగలిగాయి. బల్లి సొంత మూలకణాలు మాత్రం సహాయక కణాలుగానే మిగిలాయి. అంటే తోకలోని వాతావరణం ఒక్కటే అడ్డు కాదు, ఎదిగిన బల్లి మూలకణాల సత్తాకే హద్దు ఉంది. 2021లో అదే బృందం ఇంకో అడుగు వేసింది. మగ బల్లి అవసరం లేకుండానే గుడ్లు పెట్టే మోర్నింగ్ గెకో పిండాల నుంచి నాడీ మూలకణాలు తీసి, హెడ్జ్‌హాగ్ సంకేతం వినిపించుకోకుండా వాటి జన్యువును ఎడిట్ చేసి, ఎదిగిన గెకో తోక మోడులో నాటారు. మొలిచిన తోకల్లో మృదులాస్థి చుట్టూరా కాకుండా కింది వైపే ఏర్పడింది, పై వైపు నాడీ కణజాలానికి చోటు దొరికింది. పాతికకోట్ల ఏళ్ళుగా బల్లులు గొట్టం తోకలే మొలిపిస్తున్నాయని, తొలిసారి పైకీ కిందికీ తేడా ఉన్న తోక వచ్చిందని ఆ బృందం చెప్పుకుంది. ఆ సంబరం అర్థం చేసుకోదగ్గదే.

దీన్ని పట్టుకుని రేపో మాపో వెన్నుపాము దెబ్బతిన్న మనుషులు లేచి నడుస్తారని రాసే శీర్షికలు కొన్ని వచ్చాయి. అది తొందరపాటు. బల్లి తోకలో జరిగేది మనకు కావలసిన రిపేరు కాదు. మనిషికి కావలసింది తెగిన చోట మెదడు నుంచి వచ్చే పోగులు దాటి, అవతల ఉన్న పాత నాడీకణాలను మళ్ళీ చేరుకోవడం. బల్లిలో అవతల ఎవరూ లేరు, ఆ ముక్కను చీపురుతో ఊడ్చేశారు. నేర్చుకోవలసింది వేరే చోట ఉంది. మచ్చ లేకుండా గాయం ఎలా మానుతోంది, ఎదిగిన నాడీకణం ఏ సంకేతంతో మళ్ళీ పోగు చాస్తోంది, మేర పెరిగినప్పుడు చావకుండా ఎలా బలుస్తోంది అన్నవి నిజంగా పనికొచ్చే ప్రశ్నలు. అనోల్ తోక మొలిచేటప్పుడు అరిజోనా స్టేట్ యూనివర్సిటీ బృందం 2014లో చూసిన 326 జన్యువుల హెచ్చుతగ్గుల్లో చాలావాటికి మనిషిలో కూడా జతలున్నాయి. మన దేశంలో బరోడా మహారాజా శాయాజీరావు యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగం దశాబ్దాలుగా ఇంటి బల్లి తోక మీదే పనిచేస్తోంది, ఏ పెరుగుదల కారకాన్ని అడ్డుకుంటే ఏ దశ ఆగుతుందో విడివిడిగా చూస్తోంది. ఖరీదైన జంతువు అక్కర్లేదు, గోడ మీదే ఉంది.

నరాలు వచ్చినంత మాత్రాన తోక పనిచేస్తుందనీ కాదు. 2020లో అమెరికాలో చిన్న వయసు మొసళ్ళు, అంటే అలిగేటర్లు, 23 సెంటీమీటర్ల దాకా తోక మళ్ళీ మొలిపించగలవని తేలింది. కోసి చూస్తే మృదులాస్థి ఉంది, రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి. కండరమే లేదు. అక్కడికి చేరిన చోదక నరానికి కదిలించడానికి ఏమీ లేదు. బల్లి తోకలో కండరం, నరం రెండూ వస్తాయి, వాటి మధ్య కొలతే కుదరదు.

ఇంటి బల్లి దగ్గరికే తిరిగి వస్తే, రెండోసారి తోక వదలాల్సి వచ్చినప్పుడు ఈ నరాల లెక్క మళ్ళీ మొదలవుతుంది. కొత్త తోకలో పూసలు లేవు కాబట్టి ముందే గీసిన గీతలూ లేవు. బల్లి తనంతట తాను వదిలించుకోవాలంటే మోడులో మిగిలిన పాత పూసల్లోనే ఒకటి విరగాలి. అలా విరిగినప్పుడు, మొదటిసారి ఇన్‌ఛార్జ్‌గా ఉండి బలిసిన ఆ చివరి నాడీసంధులు కూడా తెగిన ముక్కతో పాటు పోవచ్చు. వాటి పైన ఉన్న మూడు జతలు ముందుకు వచ్చి, ఇన్నాళ్ళూ మామూలుగా ఉన్న కణాలు ఇప్పుడు బలవడం మొదలుపెడతాయి. ప్రతిసారీ ఒళ్ళు వైపు ఒక మెట్టు ఎక్కాలి. తోక మొదట్లో, ఒంటిని ఆనుకుని ఉన్న కొన్ని పూసల్లో ఆ గీత అసలు ఉండదు. అక్కడి దాకా వచ్చిన బల్లికి ఇక వదలడానికి ఏమీ మిగలదు, తలుపు సందు చూసి నడవాల్సిందే.